వంపు తిరిగిన ప్లాట్‌ఫారం

ఈ మధ్య ఓ పెద్ద నగరంలో లోకల్ రైలెక్కి డ్రైవరు గది వెనకే కూర్చున్నప్పుడు, అద్దంలోంచి లోపల వరసగా చిన్న చిన్న తెరలు కనిపించాయి. ఏ పెట్టె దగ్గర ఎవరు ఎక్కుతున్నారో, ఎవరు దిగుతున్నారో అన్నీ కెమెరాలే చూపిస్తుంటే, డ్రైవరు వాటివంక ఒకసారి చూసుకుని బండి కదిలించాడు. వెనక గార్డనేవాడే లేడట. పక్కనున్నావిడ అదంతా వింతగా చెప్పుకుపోతోంది గానీ, నాకు మాత్రం విశాఖపట్నంలో గార్డుగా పనిచేసిన మా నాన్న గుర్తొచ్చి కళ్ళు చెమర్చాయి.

ఉక్కు ఫ్యాక్టరీ కడుతున్న రోజులవి. నాన్న ప్యాసింజరు బండికి గార్డు. చివరి పెట్టెలోంచి తొంగిచూసి, అందరూ ఎక్కారనుకున్నాక ఈల వేసి పచ్చజెండా ఊపితేనే డ్రైవరు బండి తీసేవాడు. దువ్వాడ దగ్గర ఒక చిన్న స్టేషనులో ప్లాట్‌ఫారం వంపు తిరిగి ఉండేది. అక్కడ ముందు పెట్టెలు గార్డుకి కనిపించేవి కావు. ఆ ఊళ్ళోనే మా అమ్మమ్మా, పెళ్ళికాని మా పిన్నీ ఉండేవారు. పిన్ని వారం వారం ఆనపకాయో, వంకాయలో సంచిలో వేసుకుని మా ఇంటికొచ్చేది, అదీ నాన్న బండిలోనే. ఆలస్యమైపోతోందని అమ్మమ్మ కేకలేస్తే, "మా బావ బండమ్మా, నానెక్కకుండా ఎల్లిపోద్దేటి?" అని నవ్వేసేది.

ఒక శ్రావణమాసం సాయంత్రం జోరున వాన. నాన్న సగం ఒళ్ళు బయటపెట్టి చూశాడట. వంపు దాకా ఎవరూ మిగల్లేదు. ఈల వేసి జెండా ఊపాడు. బండి కదిలిందో లేదో, ముందువైపు నుంచి కేకలు. బ్రేకు వేసి వానలో పరుగెత్తుకెళితే, కదిలిన బండి ఎక్కబోయి జారిపడి, పట్టాల పక్కన పిన్ని. అప్పటికే ప్రాణం లేదు.

విచారణలో నాన్న తప్పేమీ లేదని తేల్చారు. కర్మలన్నీ అయ్యాక అమ్మమ్మ ఒక్క మాట అడిగింది, "సూడకుండా జెండా ఎలాగ ఊపేసినావు బాబూ?" అని.

"వంపు కాడ కనబళ్ళేదత్తా," అన్నాడు నాన్న. అంతే, మళ్ళీ వాళ్ళ మధ్య ఆ మాట రాలేదు.

మనుషులెక్కే బండ్లు ఇక వద్దని అడిగి నాన్న గూడ్సుకి మారిపోయాడు. పోర్టుకి ఇనుపరాయి మోసే బండి వెనక ఒంటరిగా, సిగ్నలు కోసం గంటలకొద్దీ ఎండలో ఆగి, ఎప్పటికో ఇంటికొచ్చి మాట్లాడకుండా అన్నం తిని పడుకునేవాడు. అమ్మ మళ్ళీ రైలెక్కలేదు. పుట్టింటికి గాజువాక మీదుగా బస్సులోనే వెళ్ళేది. నాన్న బస్సు దాకా వచ్చి, కండక్టరు రైట్ అనబోతే, "ఉండు బాబూ, కూసోనీ," అని చెయ్యి అడ్డం పెట్టేవాడు.

మా ఇంట్లో నాన్నని ఎవరూ తప్పుపట్టలేదు. నీ తప్పు కాదని ఆయనతో ఎవరూ అననూ లేదు. అలాంటివి పైకి అనుకునే అలవాటు మన కాలపు ఇళ్ళలో ఎక్కడిది? ఇప్పటి పిల్లలు మనసులో ఉన్నది మొహం మీదే చెప్పేసుకుంటారు, ఏడుస్తారు, మళ్ళీ కలిసి అన్నానికి కూర్చుంటారు. వాళ్ళని చూస్తే ముచ్చటేస్తుంది. తప్పు ఆయనది కాదని అమ్మ ఒక్కసారి అని ఉంటే, నాన్న మళ్ళీ మాలో ఒకడిగా బతికేవాడేమో.