మా బావగారి బూట్లు

హైదరాబాద్‌లో పదకొండేళ్ళు ఉద్యోగం చేసి సూర్యాపేట తిరిగొచ్చాక, ఒక విత్తనాల దుకాణం పై అంతస్తు కిరాయికి తీసుకుని కోవర్కింగ్ స్పేస్ పెట్టాను. ఇంట్లో నెట్, కరెంటు సరిగా లేనివాళ్ళు వచ్చి తమ ఆఫీసు పని చేసుకునే చోటు అని చెప్పీ చెప్పీ నోరు నొప్పెట్టింది. మెట్లెక్కి వచ్చిన ప్రతివాళ్ళూ జిరాక్స్ ఉంటదా అనే అడిగేవారు. ఒకాయన పాన్ కార్డులో పేరు దిద్దించుకోవడానికి వచ్చి, ఆ పని చేయనని చెబితే మరి ఇది తెరిచింది దేనికని నన్నే కోప్పడి పోయాడు. నెలన్నర అయినా ఒక్క మెంబరూ చేరలేదు. ఎవరూ కూర్చోని పన్నెండు కుర్చీలను రోజూ తుడవాలంటే ఒళ్ళు మండేది.

కోదాడలో ఉండే మా అక్క ఒకరోజు వచ్చి చూసి, లోపమంతా గడప దగ్గరే ఉందని తేల్చేసింది. డాక్టరు దగ్గరైనా టైలరు దగ్గరైనా మనవాళ్ళు ముందు చూసేది బయట విడిచిన చెప్పులనేనట.

"ఖాళీ గడప చూసి ఎవరొస్తారే? నాలుగు జతలు పెట్టి చూడు," అంది.

పెట్టాను. బావగారి బూట్లు అక్కే పంపింది. మిర్యాలగూడ రైస్ మిల్లులో పనిచేసే తమ్ముడి దగ్గర పాతవి రెండు జతలు లాక్కున్నాను. మా ఆయనవి రెండు. రోజూ పొద్దున్నే వాటిని ఇప్పుడే విడిచినట్టు అటొకటి ఇటొకటి పడేసేదాన్ని. సిగ్గు లేదా అంటే, అప్పటికి లేదు.

ఆ వారమే పెన్‌పహాడ్ నుంచి ఒకమ్మాయి ఫోన్ చేసింది. ఇంటి నుంచే కంపెనీ పని చేస్తోంది. మీటింగ్ మధ్యలో నెట్ పోతోంది. ఇంకోసారి పోతే హైదరాబాద్ ఆఫీసుకు రమ్మన్నారట, లేదంటే మానెయ్యమన్నారట. వాళ్ళ నాన్న హైదరాబాద్ పంపడు. రేపు పదకొండింటికి మీటింగ్ ఉందని, నాన్నను తీసుకుని వస్తానని చెప్పింది. నా కాళ్ళు నేల మీద నిలవలేదు.

మర్నాడు పది దాటాక తండ్రీ కూతుళ్ళు మెట్లెక్కి వచ్చారు. ఆయన గడప దగ్గరే ఆగి కిందికి చూశాడు. నా చెప్పులు లోపలే ఉన్నాయి, బయటున్న ఐదు జతలూ మగవాళ్ళవే. ఆ సంగతి నాకు అప్పుడే తట్టింది, నా బుర్ర తగలెయ్య!

"అంత మగపిల్లలేనా అమ్మా?" అన్నాడు.

"టీకి పోయిన్రు కాకా," అనేశాను.

"సెప్పులిడిసి పోయిన్రా?"

ఆయన కసరలేదు, పోదాం పా అని కూతురితో అని మెట్లు దిగాడు. ఆ అమ్మాయి నా వైపు ఒకసారి చూసి, ల్యాప్‌టాప్ బ్యాగు భుజానికి తగిలించుకుని వెనకే వెళ్ళింది. నాకు మెంబరు పోతే పోయింది, నా వేషాల వల్ల ఆ పిల్ల ఉద్యోగం పోతోంది. కాలికి దొరికినవి తొడుక్కుని పరుగెత్తాను.

ఆటోల దగ్గర అందుకున్నాను. ఆయన నా ముఖం చూడలేదు, కాళ్ళ వంక చూశాడు. లేసులు ఊడిపోయిన బావగారి బూట్లు, నా పాదాలకు రెండింతలు.

"ఇవి మా బావవి కాకా. అన్నీ మా ఇంటోళ్లవే. పైన ఎవ్వరు లేరు, నేనొక్కదాన్నే," అన్నాను.

ఆయన తలెత్తి కూతురి వైపు చూశాడు. ఆ అమ్మాయి ఫోన్‌లో టైము చూసుకుంటోంది.

"రోజంత నువ్వుంటవా?"

"ఉంట."

"గా మాటే ముందుగాల సెప్తే అయిపోతుండె గద," అని మళ్ళీ మా మెట్ల వైపు నడిచాడు.

మీటింగ్ అయ్యేదాకా ఆయన పై మెట్టు మీదే కూర్చున్నాడు. నేను ఆయన ముందే ఐదు జతలూ గోనెసంచిలోకి ఎత్తేసి, లోపలున్న నా చెప్పులు తెచ్చి గడప ముందు పెట్టాను. నెట్ పోకూడదని మొక్కని దేవుడు లేడు. పన్నెండున్నరకు ఆ అమ్మాయి తలుపు తీసుకుని వచ్చి, ఒక్కసారి కూడా తెగలేదని చెప్పింది. ఆయన లేచి చెప్పులు తొడుక్కున్నాడు.

"పొద్దుగూకకముందు బస్సెక్కియ్యి బిడ్డా. రేపటి సంది ఒక్కతే వస్తది," అని నాతో చెప్పి దిగిపోయాడు.

గడప ముందు రెండే జతలు మిగిలాయి, నావీ ఆ పిల్లవీ. వాటిని చూస్తే నాకు ఏడుపొచ్చింది.