నాగమణి గిర్ని కింద రబ్బరు

సూర్యాపేటలో పిండి గిర్ని నడిపే నాగమణి పానా పట్టి బోల్టు బిగించిందంటే, మళ్లీ విప్పడం ఎవరి తరమూ కాదు. అత్త మరియమ్మ నేర్పిన పద్ధతి అది. పొద్దున్నే బోల్టులు బిగించాలి, ప్రార్థన చేయాలి, ఆ తర్వాతే గింజలు పోయాలి. మరియమ్మ పోయింది గానీ పద్ధతి పోలేదు.

చిక్కల్లా గోడతో వచ్చింది. పక్కింటి జనార్దన్‌కు వెన్ను ఆపరేషన్ అయింది. గిర్ని తిరిగితే మధ్య గోడా, దానికి ఆనుకున్న ఆయన మంచమూ వణికేవి. ఆయన భార్య కమలమ్మ గడపలో నిలబడి ఏడ్చేసింది.

"నీ పొట్ట కొట్టాలని లేదు నాగమణీ. ఆయన నొప్పికి ఒర్లుతుంటె సూడలేకపోతున్న. ఈ వారంల వణుకు తగ్గకపోతె ఇగ గిర్ని బంద్ పెట్టుడే."

గిర్ని ఆగితే నాగమణికి వేరే బతుకు లేదు. మిర్యాలగూడ బస్సెక్కింది. రైస్‌మిల్లులకు సామాన్లమ్మే వినయ్ దగ్గర మిషన్ కింద వేసే రబ్బరు దిమ్మలు కొని తెచ్చి, ఒంట్లో బలమంతా పెట్టి బిగించింది. వణుకు పిసరంత తగ్గితే ఒట్టు! ఒళ్లు మండి, ఒక దిమ్మ విప్పుకొని మళ్లీ బస్సెక్కింది.

"మోసం చేసినవ్ తమ్మీ!"

వినయ్ దిమ్మను తిప్పి చూశాడు. అది రొట్టెలా చదునైపోయింది.

"అక్కా, దీన్ని పీక పిసికి సంపినవ్. రబ్బరు జర ఊగాలె, ఊగితెనే వణుకును మింగుతది. నట్టు కింద గూడ రబ్బరు బిళ్ల ఎయ్యి. లేకుంటె బోల్టు ఎంబడే వణుకు నేలకు దిగుతది."

"వదులు పెడితె గిర్ని బజార్ల పడి ఉరుకదా?"

"ఉరుకదు. నా మీద భరోసా పెట్టు."

కొత్త దిమ్మలు వేసింది. నట్టు బిళ్లకు ఆనగానే చేయి ఆపడం ఉందే, అబ్బో, అంత కష్టం ఆమె బతుకులో పడలేదు. ఇంకో చుట్టు తిప్పమని చేయి గుంజింది. 'అత్తమ్మా, తప్పు కాయి' అనుకుని పానా పక్కన పెట్టింది. మిషన్ ఉన్నచోటే కాస్త ఊగుతూ నడిచింది.

మర్నాడు మధ్యాహ్నం కమలమ్మ వచ్చింది. బంద్ పెట్టమంటుందనే భయంతో నాగమణి గబుక్కున మిషన్ ఆపేసింది. చూస్తే కమలమ్మ చంకలో గోధుమల డబ్బా ఉంది.

"ఇవి పట్టియ్యి."

"ఇప్పుడా వదినా? అన్న పండుకునే యాళ్ల."

"పండుకున్నడు. గోడ వణుకుడు ఆగింది, నీ గిర్ని చప్పుడు ఇనుకుంటనే నిద్ర పట్టింది," అంది కమలమ్మ. "ఆపినవ్, లేస్తడేమో. జల్ది ఎయ్యి."