లోపల చోటు లేని గొంతు

కరాకోల్ ఊరి నీటి సరఫరా కార్యాలయంలో ఫిర్యాదులు రాసుకునే బురుల్‌కు పుట్టుకతోనే చూపు లేదు. జనం ఫోన్లో చెప్పింది ఆమె టైపు చేస్తే, కంప్యూటర్ దాన్ని కిర్గిజ్ భాషలో చదివి ఆమె చెవిలో వినిపించేది. పక్క బల్ల దగ్గర నేను బిల్లులు చూసేదాన్ని.

ఒక్కోసారి ఆ గొంతు మాట మధ్యలో ఆగిపోయేది. మిషన్ చచ్చిందో, నెమ్మదించిందో, ఇయర్‌ఫోన్ వైరు ఊడిందో తెలిసే దారి ఆమెకు లేదు. నన్ను పిలిచేది. చూస్తే తెర నిండా అర్థంకాని అక్షరాలు, మిషన్ చచ్చిందనడానికి గుర్తుగా కీబోర్డు మీద మిణుకుమనే దీపాలు. అదే ఆమెకు చెప్పేదాన్ని.

"చచ్చానని చెప్పడానికి దీపాలు వెలిగిస్తుందా? అదీ నాకు!" అని నవ్వేది.

చివరికి ఆ గొంతు ప్రోగ్రాము తయారుచేసిన కుర్రాడు ఎర్మెక్‌ని పిలిపించింది.

"అక్కా, కంప్యూటర్‌ని నడిపేది కెర్నెల్. మెమరీ, సౌండు అన్నీ దాని చేతిలోనే. నీ గొంతు దాని బయట ఉండే మామూలు ప్రోగ్రాము. ప్రతిదానికీ కెర్నెల్‌ని అడుక్కోవాల్సిందే. అది పడిపోతే ఇదీ పోతుంది."

"అయితే దీన్నీ లోపలికే తోసెయ్‌రా."

"బయట తప్పు చేస్తే ఇదొక్కటే చస్తుంది. లోపల చేస్తే మొత్తం మిషనే పోతుంది."

"ఇప్పుడేమన్నా బతికి ఏడుస్తోందా? తోసెయ్."

ఎర్మెక్ కాదనలేకపోయాడు. మర్నాటి నుంచి మిషన్ వేయగానే, తెర మీద తొలి అక్షరం పడగానే గొంతు పలికింది. బురుల్ సంతోషం పట్టలేక అందరికీ బోర్సోక్‌లు, అదే నూనెలో వేయించే పిండి ముక్కలు, చేసి తెచ్చింది.

ఒకరోజు ఎవరో చెప్పిన పొడవాటి వీధి పేరు దగ్గర గొంతు తడబడింది. ఎర్మెక్ రాసిన దాంట్లోనే ఎక్కడో చిన్న లోపం. అది లోపల ఉండటంతో మిషన్ మొత్తం కుప్పకూలింది. పొద్దుటి నుంచి రాసిన ఫిర్యాదులు మాయమయ్యాయి. ఆ వీధి ఫిర్యాదూ వాటితోనే పోవడంతో అక్కడికి నీళ్లు రాలేదు.

"నీ ముచ్చట కోసం వీధి వీధంతా ఎండాలా తల్లీ?" అన్నాడు మా ఆఫీసు పెద్దాయన. ఎర్మెక్ తల వంచుకుని గొంతును మళ్ళీ బయటికి తెచ్చేశాడు.

మొన్న మధ్యాహ్నం మేమంతా చల్లటి అష్లాంఫూ నూడుల్స్ తినడానికి వెళ్ళి వచ్చేసరికి ఆమె ఫోను చెవికి ఆనించుకుని టైపు చేస్తూనే ఉంది. తెర ఎప్పుడో ఆగిపోయింది.

"అక్కా, ఆగిపోయింది," అన్నాను మెల్లగా.

"అనుకున్నానే. ఒకవేళ బతికే ఉందేమోనని రాస్తున్నా," అంది. తర్వాత ఫోనులోకి తిరిగి, "ఏమనుకోకండమ్మా, మళ్ళీ మొదట్నుంచి చెప్తారా?" అని అడిగింది.