మునసబుగారి బావి

సీతారామారావు మునసబుగిరీ చేసింది ముచ్చటగా మూడేళ్లు. తండ్రి పోయాక ఇరవై రెండో ఏట ఆ పదవి ఆయనకు దక్కింది. శిస్తు వసూలు చేశాడు, తగువులు తీర్చాడు, చావడిలో కూర్చుని మీసం దువ్వాడు. ఎనభై నాలుగులో ప్రభుత్వం ఒక్క కలంపోటుతో మునసబులందరినీ ఇంటికి పంపేసింది. పదవి పోయింది గాని దర్పం పోలేదు. సింగపూరులోని పుంగ్గోల్‌లో కూతురు అరుణశ్రీ ఫ్లాట్‌కు వచ్చి పదేళ్లయినా, లిఫ్టులో తెలుగు వినబడితే చాలు, 'నేను మునసబు సీతారామారావుని' అంటాడు. తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అన్న బాపతని అల్లుడు చాటున నవ్వుకుంటాడు. నవ్వనీండి, ఆయనకేం నష్టం!

పాతికెకరాల మాగాణి చదువులకూ వైద్యాలకూ కరిగిపోయి, చివరకు ఎనిమిది సెంట్ల మెరక మిగిలింది. అందులో ఒక బావి. ఆ బావి పక్కన ఒక గది, ముందు చిన్న పంచ వేసుకుని ఆఖరి రోజులు అక్కడే గడపాలని ఆయన ఆశ. పొద్దున్నే ఆ చల్లటి నీళ్లు తోడి నెత్తిన గుమ్మరించుకోవాలి. ఇక్కడి షవర్ కింద నిలబడినప్పుడల్లా ఆయనకు ఏడుపొస్తుంది.

రోజూ బ్లాక్ కింది ఖాళీ హాల్లో అంగలేసి ఆ గదిని కొలుస్తాడు. ఇది వంటిల్లు, ఇది పంచ. మనవరాలు అనన్య, హోటల్లో టేబుల్ మీద టిష్యూ పెట్టి, ఇక్కడివాళ్లలాగే 'చోప్' అంటూ చోటు పట్టుకునే పిల్ల, ఒకసారి చూసి, "తాతా, ఇది అందరిదీ, చోప్ చెయ్యకూడదు లా!" అంది. ఆయన నవ్వి ఊరుకున్నాడు. గది కట్టుబడి మాత్రం ఆపలేదు.

ఒక శనివారం ఊరి నుంచి వీడియో కాల్ వచ్చింది. రీసర్వే జరుగుతోంది. సర్వేయరు పక్కన పొరుగు రైతు రత్తమ్మ నిలబడి ఉంది.

"పాత హద్దురాయి ఇప్పుడున్న చోటే ఉండేదో కాదో ఎవరికీ తెలీదంటున్నారండి. మీరు చెబితే అక్కడే పాతేస్తాం," అన్నాడు సర్వేయరు.

"మునసబుగారు ఎక్కడంటే అక్కడేనండి. ఆయన మాట మీద నాకు మాట లేదు," అంది రత్తమ్మ.

నలభై ఏళ్ల తర్వాత ఒకరు ఆయన్ని నిజంగా మునసబుగా ఎంచి తీర్పు అడుగుతున్నారు. అడిగింది ఈ ఒక్క సంగతి! చిన్నప్పుడు ఒక వేసవిలో తండ్రి ఆ రాయిని పెకలించి, బావి తమవైపు వచ్చేలా ఇరవై అంగలు జరిపించాడు. గునపం అందించింది తనే. రత్తమ్మ మామగారు గట్టు మీద నిలబడి చూసి, మునసబుకు ఎదురు చెప్పలేక తలవంచుకుని వెళ్లిపోయాడు.

ఇప్పుడున్న చోటే అంటే చాలు, గది లేస్తుంది. అడిగేవాడు లేడు.

"ఇప్పుడున్న రాయి నుంచి పడమటికి ఇరవై అంగలు వేయించండి. బావి రత్తమ్మది. మా నాన్న జరిపించాడు," అన్నాడు.

రత్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సర్వేయరు లెక్క చూసి, "అయితే మీకు దారి మందం మిగుల్తుందండి. ఇల్లు లేవదు," అన్నాడు.

"తెలుసు, రాసుకోండి."

"సాక్షి పేరు రాశాను. కాపురం ఎక్కడని రాయమంటారు?"

పదేళ్లుగా ఎవరడిగినా ఊరి పేరే చెప్పిన మనిషి కళ్లు తుడుచుకున్నాడు.

"సింగపూరు," అన్నాడు. "పుంగ్గోల్ అని రాయండి."