కిష్టయ్య మాస్టరు బ్యాండులో మా మగ్గం

వనపర్తిలో మా వంటింట్లో ఇత్తడి బిందె తోముతున్నాను. పనమ్మాయికి ఇవ్వను, పీచుతో గీతలు పెడుతుంది. ఈ మాట అన్నందుకు ఆమె నాతో రెండు రోజులు మాట్లాడలేదు, అది వేరే సంగతి. నానబెట్టిన చింతపండు పిసికి రుద్దగానే పులుపూ లోహమూ కలిసిన వాసన గుప్పుమంది. గద్వాలలో కిష్టయ్య మాస్టరు బ్యాండు మేళం షెడ్డులో, ప్రతి పెళ్ళికీ ముందు రోజు, ఇదే వాసన. నలుగురు మగవాళ్ళు నేల మీద బాసింపట్లు వేసుకుని బాకాలకు చింతపండు పులుముతుంటే, ఆడపిల్లనైన నేను గట్టు మీద కూర్చుని ‘అక్కడ మచ్చ మిగిలింది’ అని వంకలు పెడుతుండేదాన్ని.

మాస్టరు క్లారినెట్ వాయించేవారు. సన్నటి మనిషి, భుజాల మీద జరీ ఊడిపోయిన ఎర్రకోటు. ఆయన బ్యాండుకు పేరు తెచ్చింది బారాత్ కాదు, అప్పగింతలు. ‘కిష్టయ్య బ్యాండును పిలిస్తే రుమాళ్ళు నాలుగు ఎక్కువ తెచ్చుకోవాలె’ అని ఊళ్ళో అనుకునేవారు. హైదరాబాదులో చదివే మా మేనల్లుడు మొన్నామధ్య ‘అత్తా, గిట్లాంటిదాన్నే అమెరికాల బ్లూస్ పాట అంటరు, నల్లవాళ్ళ దుఃఖంలోంచి పుట్టింది’ అని నాకు పాఠం చెప్పాడు. మాస్టరు వింటే సంతోషించేవారు. వెంటనే ‘వాళ్ళ ఇండ్లల్ల ఏం చప్పుడుండె?’ అని అడిగేవారు కూడా.

ఎందుకంటే ఆయన బ్యాండులో ఒక కట్టుబాటు ఉండేది. కొత్తగా చేరినవాళ్ళు మొదటి రోజు బ్యాండు పాట ముట్టకూడదు. తమ ఇంట్లో, చిన్నప్పుడు, మొట్టమొదట చెవిన పడ్డది వాయించాలి. మిగిలినవాళ్ళు దాన్ని పట్టుకుని వెంట వచ్చేదాకా వాయిస్తూనే ఉండాలి. దానికి వాళ్ళు పెట్టుకున్న పేరు ‘ఇల్లు వినిపించుడు’. డ్రమ్ము కొట్టే ఖాజా భాయ్ ఇల్లు పీర్ల పండుగ. నిప్పుల గుండం చుట్టూ తిరిగేవాళ్ళ వెనక డప్పులు విని పెరిగినవాడు కాబట్టి, ఏ పాటైనా మెల్లగా ఎత్తుకుని చివరికి పరుగు పెట్టించేవాడు. ఎందుకని అడిగితే, ‘కాళ్ళ కింద అగ్గి ఉంటె ఉరుకక నిలబడతరా బేటీ?’ అనేవాడు. అయిజ దగ్గరి పల్లె నుంచి వచ్చిన ఏసోబుది చర్చి. ట్రంపెట్ ఎత్తితే ప్రతి చరణాన్నీ ప్రార్థన ముగించినట్టు సాగదీసేవాడు. ‘ఏసోబూ, నువ్వు గిట్ల సాగదీస్తె పెండ్లికొడుకు కింద గుర్రం పండుకుంటదిరా’ అని మాస్టరు నవ్వేవారే గాని, ఆ సాగదీతను మాన్పించలేదు. తీసుకెళ్ళి అప్పగింతలకు వాడుకున్నారు. ఖాజా భాయ్ పరుగును బారాత్‌కు వాడుకున్నట్టే. ఇక మాస్టరు ఇల్లు సన్నాయి. వాళ్ళ నాన్న పొద్దున గడ్డాలు గీసి, ముహూర్తాలకు సన్నాయి ఊదేవాడట. ‘కత్తి పట్టినప్పుడు చెయ్యి వణకొద్దు, సన్నాయి పట్టినప్పుడు ఊపిరి వణకొద్దు. మా నాయన చెప్పిన సదువు గంతే’ అనేవారు.

అప్పగింతల పాటకు ఆడగొంతు కావాలని మాస్టరు వెతుకుతున్నప్పుడు నేను డిగ్రీ రెండో ఏడు. గొంతు ఉందని నాకు తెలుసు. కానీ అంతకు ముందు సంవత్సరం కాలేజీ పోటీలో, పాట నేర్పడానికి వచ్చిన ఒకావిడ అందరి ముందూ ‘నీకు తాళం లేదమ్మా. అది పుట్టుకతో రావాలి, నేర్పితే రాదు’ అని నన్ను వరస నుంచి పక్కకు తీసింది. ఆ మాట ముల్లులా దిగి లోపలే విరిగింది. ఆవిడ అన్నది తప్పని ఎక్కడో ఒకచోట రుజువు కావాలి నాకు. నాన్నతో రెండు నెలలు వాదించి బ్యాండులో చేరింది అందుకే. పాట మీద ప్రేమ అని అప్పట్లో చెప్పుకున్నాను గానీ.

మొదటి రోజు మాస్టరు అడిగారు. ‘ఏం బిడ్డా, నీ ఇల్లు వినిపియ్యి.’

‘మా ఇంట్ల పాటల్లేవు మాస్టరూ. మగ్గం ఉంది. మగ్గం పాడదు’ అని, కాలేజీలో నేర్చుకున్న పాటొకటి గొప్పగా ఎత్తుకున్నాను. కట్టుబాటు దాటినందుకు కోప్పడలేదాయన. ‘తొందరేం లేదు తీ’ అన్నారు.

రిహార్సల్ మొదలయ్యాక సంగతి బయటపడింది. ప్రతి చరణం చివరా నేను రవ్వంత ఆగుతున్నాను. డ్రమ్ము ముందుకు వెళ్ళిపోతోంది, నేను వెనక మిగిలిపోతున్నాను. వారం రోజులు ఇదే. ఖాజా భాయ్ పుల్లలు కింద పెట్టి, ‘బేటీ, ఎవరి కోసం ఆగుతున్నవ్? బస్సు ఎల్లిపోయింది’ అన్నాడు. ‘మీరే ఉరుకుతున్నరు!’ అని నేను ఇంతెత్తున లేచాను. నోరు ఎంత లేస్తే లోపల అంత బెదురు. ధరూర్‌లో పెళ్ళి ఇంక నాలుగు రోజులే. గట్టు దిగి వస్తుంటే వెనక ఏసోబు ‘పిల్లతోని కాదేమో మాస్టరూ’ అనడమూ, మాస్టరు ‘రేపు చెప్త’ అనడమూ వినబడ్డాయి.

మర్నాడు పొద్దున ఆయన మా ఇంటికే వచ్చారు. ఇంటికొచ్చి మరీ వద్దంటారన్న మాట, అనుకున్నాను. నాన్న మగ్గం గుంటలో ఉన్నాడు, పక్కన అంచు దగ్గర అమ్మ. గద్వాల చీర ఒక్కరు నేసేది కాదు. నడిమి బట్ట నూలు, అంచు పట్టు; పోగును అటూ ఇటూ మోసే నాన్న నాడె ఇవతలికి రాగానే అమ్మ తన నాడెతో పట్టుపోగును నూలుపోగుకు మెలిక వేస్తుంది. ఆ మెలిక పడేదాకా నాన్న ఆగాలి. ఆగకపోతే అంచు చీరను వదిలేస్తుంది.

మాస్టరును చూసి నాన్న నేత ఆపేశాడు. ‘ఏం తప్పు జేసింది మాస్టరూ? దీని నోరు సంగతి మీకు తెల్సిందే.’

‘నోరు సంగతి తర్వాత మాట్లాడుకుందం. మీరు నేయుండ్రి, నేను జర కూసుంట’ అని గడప మీద కూర్చున్నారు. మగ్గం మళ్ళీ మొదలైంది. ఆయన వేళ్ళు మోకాలి మీద ఆడుతున్నాయి. చాలాసేపటికి తల ఎత్తారు.

‘భాగ్యా, పాడు.’

‘ఇక్కడనా?’

‘ఇక్కడనే.’

పాడాను. చరణం చివర నా గొంతు ఆగింది. అమ్మ చేతిలో నాడె అవతలికి వెళ్ళింది, మెలిక పడింది, పోగును బిగించే నాన్న పలక ‘ధన్’మని కొట్టింది, ఆ దెబ్బ మీద నా రెండో చరణం లేచింది. మూడోదీ అంతే. వెంట్రుకవాసి తేడా లేదు.

మాస్టరు తొడ చరిచారు. ‘దొరికింది! బస్సు కోసం కాదు, మీ అమ్మ నాడె కోసం ఆగుతున్నవే పోరీ! నీకు తాళం లేదన్నోళ్ళకు మగ్గం తెల్వదు, గంతే.’

ఏడాదిగా బిగబట్టుకున్న ఊపిరి ఒక్కసారిగా వదిలాను. నవ్వాను, ఏడ్చాను, ముక్కు చీదుకున్నాను. అమ్మ నాడె ఆపకుండానే, ‘ఏందే, పెండ్లి కాకముందే అప్పగింతలా?’ అంది.

ఆ ఆగడాన్ని మాన్పిస్తారనుకున్నాను. షెడ్డుకు వెళ్ళి ఆయన ఖాజా భాయ్‌కి చెప్పింది వేరు. ‘పిల్ల ఆగినప్పుడు ఎవ్వరు ఏం వాయించొద్దు. ఆ సందు ఖాళీగ ఉండనియ్యిండ్రి.’

‘ఖాళీ పెడితె ఎట్ల మాస్టరూ? జనం మర్చిపోయిన్రు అనుకుంటరు.’

‘ఆ సందుల పెండ్లిపిల్ల తల్లి ఏడ్వాలె కద? మనం గడగడ కొట్టుకుంటపోతె ఆమె ఎప్పుడు ఏడుస్తది?’

ధరూర్‌లో అదే జరిగింది. చరణం చివర బ్యాండు మొత్తం ఆగింది, ఆ నిశ్శబ్దంలో పిల్ల తల్లి వెక్కు ఒక్కటే వినబడింది, ఆపైన ఏసోబు ట్రంపెట్ సాగదీస్తూ అందుకుంది. తిరుగు దారిలో ఖాజా భాయ్ తన చాయ్‌లో సగం సాసర్‌లో పోసి నాకిచ్చాడు. ఆయన క్షమాపణ అలాగే ఉంటుంది.

మూడేళ్ళు పాడాను. తర్వాత చదువు, లెక్కల లెక్చరర్ ఉద్యోగం, వనపర్తి. మాస్టరుకు పళ్ళు ఊడి క్లారినెట్ ఆగిపోయిందని తెలిసి చూడబోయాను. జాలి మాటలు సిద్ధం చేసుకుని వెళ్ళాను, ఒక్కటీ పనికిరాలేదు. ‘పండ్లు పోతె ఏమాయె బిడ్డా, చెవులున్నయి గద’ అని, అప్పుడే వచ్చిన కొత్త కుర్రవాడి ఇల్లు వినడంలో పడిపోయారు. నన్ను గంటసేపు కూర్చోబెట్టి మళ్ళీ పలకరించనైనా లేదు. ఆయన పోయి ఇప్పటికి చాలా ఏళ్ళు.

మా స్టాఫ్‌రూమ్‌లో ‘ఆ పిల్లకు బుర్ర లేదు మేడమ్, పుట్టుకతో రావాలి’ అన్న మాట నెలకొకసారైనా వినిపిస్తుంది. విన్న ప్రతిసారీ తగాదా పెట్టుకుంటాను. ‘ఒకసారి వాళ్ళ ఇంటికి పోయి రండి, తర్వాత చెప్పండి’ అంటాను. ఎవరూ పోరు. అందుకని నేనే పోతాను. మొన్న శనివారం, అలా అందరూ బుర్ర లేదని తేల్చేసిన ఒక పిల్ల ఇంటికి పాన్‌గల్ వెళ్ళాను. లెక్చరరమ్మ ఇంటికే వచ్చిందని ఆ పిల్ల తల్లి చేతులు కొంగుకు తుడుచుకుంటూ, బిడ్డ వైపు ఉరిమి చూస్తూ నిలబడింది. ‘చాడీ చెప్పడానికి రాలేదమ్మా’ అన్నాను. ఆమె కంటే ముందు, తలుపు చాటున నిలబడ్డ ఆ పిల్ల భుజాలు కిందికి దిగాయి. అవి ఎంత బరువు దించాయో నాకు తెలుసు.