నానబెట్టని లైనింగ్

ఆరు నెలలు కుట్టు కేంద్రంలో నేర్చుకుని సర్టిఫికెట్ చేతికొచ్చాక తెలిసింది, దాన్ని చూసి పని ఇచ్చేవాళ్లు ఎవరూ లేరని. ఖమ్మంలో నాలుగు టైలర్ షాపులు తిరిగాను. ఆడపిల్లని కూర్చోబెడితే షాపు పరువు పోతుందని ఒకాయన, ముందు పెళ్లి చేసుకుని రమ్మని ఇంకొకాయన. మా నాన్న కోస్తా నుంచి వలస వచ్చి చండ్రుగొండ దగ్గర మిరప వేసేవాడు. తిరిగింది చాలు, ఇక కోతకి రమ్మన్నాడు. మిరప కోసిన చేతులతో అన్నం కలుపుకుంటే మూతి అంతా మండుతుంది. చచ్చినా వెళ్లకూడదనుకున్నాను.

అప్పుడే సారపాకలో ఒక ముసలి మాస్టర్ గురించి విన్నాను. కాగితం మిల్లు కాలనీ ఆడవాళ్లకు జాకెట్లు కుడతాడు. కొలతలు తీయడానికి ఆడమనిషి కావాలని, ఒక్క పిల్లని పెట్టుకుని ఏడాదిపాటు పని నేర్పుతాడట. నేను వెళ్లేసరికి నాతోపాటు కేంద్రంలో నేర్చుకున్న టేకులపల్లి పిల్ల కూడా అక్కడే ఉంది. ఉన్న మాట చెప్పుకోవాలి, దాని కుట్టు నా కుట్టుకన్నా సన్నం. టీచరమ్మ దాని కాజాలు చూపించి నన్ను తిట్టేది. నాకు ఒళ్లు మండిపోయేది.

మాస్టర్ ఇద్దరికీ ఒకే తానులోంచి పాలిస్టర్ గుడ్డ, దాని లోపలికి నూలు లైనింగ్ ఇచ్చి, వారంలో జాకెట్ కుట్టి తెమ్మన్నాడు. ఎవరిది బాగుంటే వాళ్లకే చోటు.

నూలు లైనింగ్‌ను కత్తిరించక ముందే నీళ్లలో నానబెట్టి ఆరేయాలి. లేకపోతే మొదటి తడికే ముడుచుకుపోతుంది. టీచరమ్మ అది చెప్పిన వారం ఆ పిల్ల చలిజ్వరంతో ఇంట్లో పడుకుని ఉంది. మాస్టర్ ఇచ్చిన గుడ్డలు పట్టుకుని బస్సు కోసం నిలబడ్డప్పుడు నన్ను అడిగింది.

"నేను రాని దినాలల్ల లైనింగ్ గురించి టీచరమ్మ ఏమన్న చెప్పిందా?"

"ఏం లేదు" అన్నాను.

నోరు జారి అనలేదు. ఆలోచించే అన్నాను.

వారం తర్వాత బల్ల మీద దాని జాకెట్ చూసి నా ప్రాణం ఉసూరుమంది. మెడ వంపు అచ్చు గీసినట్టుంది. మాస్టర్ రెండింటినీ తిరగేసి చూసి, నీళ్ల బకెట్లో ముంచాడు. కుట్టిన రోజు అందరి జాకెట్టూ అందంగానే ఉంటుంది, తడిసి ఆరాక చూద్దామన్నాడు. అది ఆయన పద్ధతి. అవి తీగ మీద ఆరేదాకా మమ్మల్ని అరుగు మీద కూర్చోమన్నాడు. ఆ పిల్ల తను తెచ్చుకున్న జొన్నరొట్టె విరిచి సగం నాకు పెట్టింది. తిన్నాను.

ఆరేసరికి దాని జాకెట్ లోపల లైనింగ్ ముడుచుకుపోయి, పైగుడ్డ బుడగలు బుడగలుగా ఉబ్బింది.

"గింత తెల్వనోళ్లకు కత్తెర ఎట్లిస్త, బేటీ?" అన్నాడు మాస్టర్.

ఆ పిల్ల నా వైపు చూసింది. చెప్పేస్తుందనుకున్నాను. చెప్పలేదు. జాకెట్ మడిచి సంచిలో పెట్టుకుని బస్సెక్కింది.

ఆ ఏడాది మాస్టర్ స్కేలుతో నా వేళ్ల కణుపులు వాచిపోయేలా కొట్టాడు. పని మాత్రం వచ్చింది. తర్వాత అదే వీధిలో సొంత షాపు పెట్టుకున్నాను. ఎవరి పాపాన వాళ్లే పోతారంటారు గానీ, నేనేం పోలేదు. బాగానే బతికాను.

పదేళ్లకు ఆమె నా షాపు మెట్లెక్కింది. మిల్లులో కాంట్రాక్టు కింద వెదురు మోస్తోందట. ఒకప్పుడు అంత సన్నంగా కాజాలు కుట్టిన చేతులు కాయలు కాచి గరుకుగా ఉన్నాయి. నాకు సిగ్గేసింది, అంతకన్నా ఎక్కువగా కోపమొచ్చింది. ఊళ్లో ఇన్ని షాపులుండగా నా దగ్గరికే రావాలా? జాకెట్ గుడ్డ బల్ల మీద పెట్టింది. లైనింగ్ కోసం నేను బీరువా తెరవబోతే ఆపి, సంచిలోంచి తెల్లటి నూలుగుడ్డ తీసింది. ఎండలో ఆరిన ముడతలు దాని మీద ఇంకా ఉన్నాయి.

"నానబెట్టి ఆరేసే తెచ్చిన" అంది. "ఇంకేమన్న చేసేదుందా?"

కొలతల టేపు తీసుకుని లేచి నిలబడ్డాను.

"ఏం లేదు" అన్నాను.