అంచు మీది పేరు

నేను ఒక మనిషి పేరు చెరిపేశాను. నలభై ఏళ్లు దాటింది. ఈ సంగతి నా భార్యకు తెలియదు, పిల్లలకు తెలియదు. ఒకే గదిలో నా పక్క మంచం మీద ఏళ్ల తరబడి పడుకున్న వాళ్లకూ తెలియదు. ఎవరూ అడగలేదు కాబట్టి చెప్పలేదని నాకు నేను సర్దిచెప్పుకుంటూ వచ్చాను. అదీ అబద్ధమే. ఒకసారి అడిగారు. అడిగిన మనిషి నా ఎదురుగానే కూర్చున్నాడు. నేను నిజం చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీతో చెప్పడానికి నోరు వస్తోంది.

అప్పుడు నేను ఖతర్‌లో ఉండేవాణ్ని, దుఖాన్ చమురు బావుల దగ్గర. చమురు ధర ఒక్కసారిగా పెరిగి, ఎడారిలో నెలకో కొత్త క్యాంప్ లేస్తున్న రోజులు. మాది జగిత్యాల పక్కన పల్లె. అవుసుల ఇల్లు. ముక్కుపుల్లలు, పుస్తెలు చేయడం నాన్న దగ్గర నేర్చుకున్న చేతులతో అక్కడ గేజీలు, మీటర్లు బాగుచేసేవాణ్ని. చేసేది మెకానిక్ పనే అయినా వీసాలో రాసింది 'ఆమిల్' అని. అంటే కూలీ. గల్ఫ్‌లో ఎక్కడున్నా ఊళ్లో దాన్ని దుబాయే అంటారు; అక్కడ మాత్రం నేను దుబాయ్ ఇంజినీరును. ఆ పేరు మా నాన్న పెట్టాడు. నేను కాదనలేదు.

మా వర్క్‌షాప్ ఫోర్‌మన్ ఒక స్కాట్లాండ్ పెద్దాయన. మాట తక్కువ. ఒకరోజు చాయ్ తాగే వేళ జేబురుమాలు విప్పి ఒక వెండి బిళ్ల నా ముందు పెట్టాడు. మొదటి ప్రపంచ యుద్ధం నాటి మెడల్. వేలాడదీసే కొక్కెం ఊడిపోయింది, అతికించగలవా అని అడిగాడు. నాకదెంత పని! సన్నటి మంట మీద టంకం పెట్టి ఇచ్చాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, భూతద్దం నా చేతికిచ్చి, బిళ్లను నిలబెట్టి అంచును వెలుతురుకు పెట్టాడు.

అంచు మీద అక్షరాలున్నాయి. బియ్యపు గింజలో సగం కూడా లేవు ఒక్కొక్కటి. ఒక నంబరు, సిపాయి అనే హోదా, ఒక పంజాబీ పేరు, అతని పటాలం పేరు.

ఆ యుద్ధంలో లెక్కలేనంతమంది పోయారని స్కూల్లో చదువుకున్నాను. ముందువైపు రాజు తల అందరి మెడళ్ల మీదా ఒకటే. వెనకవైపు గుర్రం మీద ఒంటి మీద బట్టలేని రౌతు, గుర్రం కాళ్ల కింద డాలూ పుర్రే, అదీ అందరికీ ఒకటే. కానీ గోరు వెడల్పు కూడా లేని ఆ అంచు మీద మాత్రం ఎవడి పేరు వాడిదే! ఎక్కడి పంజాబ్, ఎక్కడి దుఖాన్, ఎవడీ సిపాయి? వాడి మునిమనవలకైనా వాడి పేరు గుర్తుందో లేదో. నేను చదివాను. గాలిపటాల దుకాణం ముందు నిలబడిన పిల్లవాడిలా నోరు తెరుచుకుని ఎంతసేపు చూశానో నాకే తెలియదు. పెద్దాయన నవ్వాడు.

అలా పట్టుకుంది నాకు ఆ పిచ్చి. ఏ రాజు తల ఏ కాలానిది, ఏ రిబ్బను రంగులు ఏ యుద్ధానివి, టోపీ బ్యాడ్జీ వెనక కొక్కేలు ఎలా ఉంటే అసలుది, ఎలా ఉంటే నకలు, అన్నీ ఆయనే నేర్పాడు. వంగిన రిబ్బను కమ్మీని కొట్టకుండా ఎలా నిఠారు చెయ్యాలో నేర్పాడు. మెరవాలని తోమవద్దన్నాడు. అంచు మీద మాత్రం ఎప్పుడూ ఆకురాయి పెట్టవద్దని మరీ మరీ చెప్పాడు. ఉద్యోగం ముగించుకుని పోతూ పోతూ ఆ భూతద్దమూ, మెడళ్ల వివరాలున్న ఒక పాత పుస్తకమూ నాకిచ్చి పోయాడు.

శుక్రవారం కంపెనీ బస్సెక్కి దోహా సూక్‌కు, అంటే పాత బజారుకు పోయేవాణ్ని. వెండి అమ్మేవాళ్ల దగ్గర పాత కాలి కడియాల మధ్య ఈ బిళ్లలు దొరికేవి. వాళ్లకవి కరిగించాల్సిన వెండి, అంతే. ఒక్కోటి తెచ్చి బిస్కెట్ డబ్బాలో దూది పరిచి పెట్టుకున్నాను. క్యాంప్‌లో నా పేరు 'మెడల్ సార్' అయింది. సెలవు మధ్యాహ్నాలు నలుగురైదుగురు నా మంచం చుట్టూ చేరేవారు. నేను అంచు చదివి, వీడు ఫలానా, వీడు ఇరాక్‌లోని బస్రాలో దిగాడు అని చెప్తుంటే కళ్లార్పకుండా వినేవారు.

బస్రా. ఆ మాట దగ్గర నేనే ఆగిపోయేవాణ్ని. దుఖాన్ ఒడ్డున నిలబడితే ఎదురుగా కనిపించే నీళ్లు అటే పోతాయి. మాకంటే అరవై ఏళ్ల ముందే మనవాళ్లు ఓడలకు ఓడలు ఈ నీళ్ల మీదే పోయారు. ఇక్కడికి మొదట వచ్చింది మేమే అనుకునేవాళ్లం మేము.

ఆ వినేవాళ్లలో అప్పన్న ఒకడు. శ్రీకాకుళం వైపువాడు, పైపులైను పనిలో ఉండేవాడు. నాకంటే చిన్నవాడు, అన్నా అని పిలిచేవాడు. ఒకరోజు అందరూ వెళ్లాక ఆగి, "మా తాతకీ ఇలాటిదుందన్నా. అమ్మ నాయన. బస్రా ఎల్లొచ్చిన సిపాయి," అన్నాడు. సెలవుకు వెళ్లి వస్తూ తెచ్చాడు. పసుపు గుడ్డ మూట విప్పాడు.

వెండి కాదు. కంచు. ముదురు గోధుమ రంగు. కొక్కెం విరిగిపోయి, తాడు కట్టడానికి ఎవరో పైన చిల్లు పొడిచారు. ఇంట్లో పుట్టిన ప్రతి బిడ్డకూ జడుపు జ్వరం వస్తే దాన్నే మొలతాడుకు కట్టేవారట. రౌతును ఏ దేవుడనుకున్నారో, గుర్రం ముఖం నిండా పసుపు.

"కొక్కెం అతికీ అన్నా. అమ్మ సేతిలో బాగున్నట్టు పెట్టాల. దాని మీద ఏటి రాసుందో కూడా సదివి సెప్పు. మా ఇంట్లో సదివినోళ్లు లేరు. వచ్చే సుక్కురారం అందరి ముందూ సెప్పాల, మరి!"

సరేనన్నాను. మర్నాడు మధ్యాహ్నం గదిలో ఎవరూ లేనప్పుడు భూతద్దం కింద పెట్టాను. అక్షరాలు చక్కగా ఉన్నాయి. ఇన్ని మొలతాళ్ల మీద వేలాడినా చెక్కుచెదరలేదు. 7316. తర్వాత 'కూలీ'. తర్వాత పైడయ్య. ఆ తర్వాత పొట్టి అక్షరాల్లో లేబర్ కోర్, అంటే కూలీల దళం.

సిపాయి కాదు. కూలీ.

నాకు తెలియక చేశానంటే నమ్మకండి. నా పుస్తకంలో ఒక వాక్యం ఉంది. ఆయుధం పట్టినవాళ్లకు వెండి, మూటలు మోసినవాళ్లకు, దారులు వేసినవాళ్లకు అదే మెడల్ కంచులో. అలాంటివి అరుదు అని కూడా ఉంది. నా ఒళ్లో ఉన్నదేమిటో నాకు పూర్తిగా తెలుసు.

అయినా ఆకురాయి తీశాను.

అప్పన్న చిన్నబోతాడనే చేశానని చాలా ఏళ్లు అనుకున్నాను. పదిమంది ముందు వాడి తాతను కూలీ అని ఎలా చదివేది? జాలిపడ్డాను, అంతే కదా? కాదు. జాలిపడేవాడు వాడిని పక్కకు పిలిచి చెప్తాడు. నా చేయి కదిలింది జాలితో కాదు, రోతతో. ఆ మాట నా వీసాలో ఉంది. నా ఇల్లంతా కలిసి దాచిపెట్టిన మాట అది. సిపాయిల పేర్లు చదివి చదివి నేనూ వాళ్లలో ఒకణ్ని అయినట్టు ఉబ్బిపోయి ఉన్నాను. నా దూది మీద, నా వెండి బిళ్లల పక్కన, రాజముద్ర కింద ఆ మాట కనబడగానే ఎవరో నన్నే గుర్తుపట్టి పేరు పెట్టి పిలిచినట్టయింది.

ముందు ఆ ఒక్క మాటే చెరిపాను. నాలుగు రుద్దులు. అక్కడితో ఆగి ఉంటే పైడయ్య మిగిలేవాడు. కానీ చెరిపిన చోట కంచు కొత్తగా మెరిసింది. ఆకురాయి పెట్టినట్టు ఎవరికైనా తెలిసిపోతుంది. దాన్ని కప్పడానికి పక్కనా రుద్దాను. ఆ పక్కనా రుద్దాను. పేరు పోయింది. నంబరు పోయింది. అంచంతా నున్నగా అయ్యాక గంధకం నీళ్లు పూసి నలుపు తెచ్చాను. తర్వాత ఎంతో శ్రద్ధగా కొక్కెం అతికాను. కొత్త రిబ్బను కట్టాను. అంత నాజూకు పని నేను మళ్లీ చెయ్యలేదు. నాన్న చూస్తే మెచ్చుకునేవాడు.

శుక్రవారం అందరూ వచ్చారు. అప్పన్న ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు. మెడల్ వాడి అరచేతిలో పెట్టాను.

"అరిగిపోయినయ్ తమ్మీ. ఎంతమంది పోరగాళ్ల మొలలకు గట్టిన్రో! గని సిపాయి అని కొద్దిగ కనవడ్డది నాకు," అన్నాను.

"సూసినారా! సెప్పినానా మరి!" అని వాడు అందరి వైపూ తిరిగాడు. వాడి కళ్ల నిండా నీళ్లు. ఎవరో మిఠాయి పంచారు. నేనూ తిన్నాను.

మరుసటి ఏడు సెలవుకు పోయి వచ్చాడు అప్పన్న. వచ్చిన రోజే నా గదికి వచ్చాడు. ఊరి జీడిపప్పు పొట్లం ఇచ్చాడు. ఎదురుగా మంచం మీద కూర్చుని ఎంతకీ లేవడు.

"ఏంది తమ్మీ? అమ్మ మంచిగున్నదా?"

"ఉందన్నా. మెడల్ సేతికిచ్చినాను. రిబ్బను సూసి మురిసిపోనాది. తరవాత అంచు మీద గోరెట్టి అటూ ఇటూ రాసింది. మళ్లీ మళ్లీ రాసింది. అచ్చరాలేవిరా అంటాది."

నేను జీడిపప్పు పొట్లం దారం విప్పసాగాను.

"సిన్నప్పుడు తాత ఒల్లో కూసోబెట్టుకుని అమ్మ గోరు పట్టుకుని అంచు మీద రాయించీవోడట. గరగరమనీదట. ఇక్కడ నా పేరుందే, ఇక్కడ నా పనుంది అనీవోడట. తాత సిపాయని నీకెవులు సెప్పినార్రా, మా అయ్య రాళ్లు మోసినాడు, రాజుగారు ఆ మాటే రాసిచ్చినారని గొప్పగా సెప్పుకునీవోడు అంటాది. ముసిల్ది, మతిపోతంది కదా. కసిరినాను. గుంటల మొలల్లో అరిగిపోనాయే, మా అన్న పెద్ద అద్దమెట్టి సూసినాడు, సిపాయని ఉంది అని గెట్టిగా సెప్పినాను. ఇంక మాటాడలేదు. ఆ మూల కూసుని గోరు రాసుకుంటానే ఉంది." తలెత్తి నా వైపు చూశాడు. "అరిగిపోనాయి కదన్నా? నువ్వు సూసినావు కదా?"

ఇదిగో, అడిగింది ఇక్కడే.

అప్పుడు చెప్పి ఉండవచ్చు. కొట్టేవాడేమో. కొట్టినా బాగుండేది. ఇంటికి ఉత్తరం రాసేవాడు, ఆ తల్లికి తన మతి పోలేదని తెలిసేది. నేను చేసిందల్లా తల ఊపడం. ఒక్కసారి, కిందికి. వాడు తేలికపడి లేచి డ్యూటీకి పోయాడు.

చదువురాని ఆ తల్లి నా కంటే గొప్పగా చదివింది ఆ మెడల్‌ను. పుస్తకమూ భూతద్దమూ లేకుండా, గోటితో. యాభై ఏళ్ల కిందటి గరగర ఆమె వేలికి గుర్తుంది. ఎక్కడో ఓడరేవులో రాళ్లు మోసిన మనిషి తన పనిని రాజుచేత రాయించుకుని వచ్చానని కూతురికి చూపించాడంటే, ఆ మనిషి ఎంత నిటారుగా బతికి ఉంటాడు! సిపాయిల పేర్లు చూసి నోరు తెరిచినవాణ్ని, ఆ ఒక్క పేరు దగ్గరే కళ్లు మూసుకున్నాను. ఈ తలపు వస్తే ఇప్పటికీ చేతులు కట్టుకుని నిలబడాలనిపిస్తుంది. ఎవరి ముందు?

ఆమె రెండేళ్లకు పోయింది. మతి లేని మనిషిగానే పోయింది, వాళ్లింట్లో. నేను నా డబ్బా మొత్తం దోహాలో వచ్చిన ధరకు అమ్మేశాను. ఆ తర్వాత ఏ మెడల్‌నూ ముట్టలేదు. అప్పన్న ఖతర్ వదిలి పోయేటప్పుడు నన్ను కావలించుకుని ఏడ్చాడు. మూడేళ్ల కిందట వాడూ పోయాడని తెలిసింది.

వాడి కొడుకు రమణ ఇప్పుడు ఖతర్‌లోనే, కొత్తగా కడుతున్న లుసైల్ నగరంలో పనిచేస్తున్నాడు. పాత గదివాళ్లను అడిగి అడిగి నంబరు పట్టాను. పోయిన వారం ఫోన్ చేశాను. మీ నాన్నకు తెలిసినవాణ్ని అనగానే, "మెడల్ సారా? నాన్న మీ గురించి సెప్పని రోజు లేదండి," అన్నాడు. ఆ మాట విన్నాక పెట్టేద్దామనుకున్నాను. పెట్టలేదు. ఇక్కడ మీకు చెప్పినట్టే మొదటినుంచి చెప్పాను. ఆకురాయి, గంధకం, మిఠాయి, తల ఊపడం, ఏదీ దాచలేదు. క్షమించమని అడగలేదు. అడగాల్సిన ఇద్దరూ లేరు.

అవతల క్రేన్ల మోత వినబడుతోంది.

"మా నాన్నమ్మని పిచ్చిదన్నారండి అందరూ," అన్నాడు చివరికి.

"అవును బిడ్డా. తప్పు నాది."

"ఆ అంచు మీద ఏముందో మొత్తం సెప్పండి. మెల్లిగా," అన్నాడు.

చెప్పాను. 7316. కూలీ. పైడయ్య. లేబర్ కోర్. అట్ట మీద పెన్ను గీసుకుంటున్న చప్పుడు వినిపించింది. నేను చెప్పినవి ఒక్కొక్కటీ తిరిగి పలికి సరిచూసుకున్నాడు. ఆ తర్వాత ఒక్క మాటైనా అనకుండా ఫోన్ పెట్టేశాడు.